ఝాన్సీ రాణి చేతికి బ్రిటన్: 'సివిలైజేషన్' వివాదంలో అసలు మలుపు ఎక్కడుంది?

ఒకే నాగరికతను ఆట మొదటి నుంచి చివరి వరకు నడిపే వీలు కల్పించే పనిలో ఉన్నామని చరిత్రలోని నాగరికతలను నడిపించే కంప్యూటర్ వ్యూహపు ఆట 'సివిలైజేషన్ 7' తయారీ సంస్థ ఫిరాక్సిస్ 2025 చివరిలో ప్రకటించడంతో, మధ్యలో కొంత చల్లబడిన పాత వివాదం మళ్లీ రాజుకుంది. ఈ వివాదంలో నిజానికి రెండు వేర్వేరు ఫిర్యాదులు ఉన్నాయి. యుగం మారినప్పుడల్లా ఆటగాడి నాగరికత మారిపోవడం మొదటిది. ఏ నాయకుడైనా ఏ నాగరికతనైనా ఏలవచ్చునన్న సూత్రం రెండోది. చాలామంది రెంటినీ కలిపి మాట్లాడుతున్నారు గానీ, సంస్థ ఇచ్చిన హామీ మొదటి ఫిర్యాదుకు మాత్రమే సమాధానం. చరిత్రను ప్రేమించి ఈ ఆట ఆడేవారిని లోతుగా నొప్పించినది రెండోది, దానికి ఇంకా జవాబు రాలేదు.

నొప్పి ఎక్కడుందో మన దేశపు ఉదాహరణతోనే చూడవచ్చు. 2025 ఫిబ్రవరిలో విడుదలైన ఈ ఆటలో ప్రాచీన యుగం, అన్వేషణ యుగం, ఆధునిక యుగం అని మూడు దశలున్నాయి. భారతదేశం అన్న ఒకే నాగరికత స్థానంలో, ఒక్కో యుగానికి ఒకటి చొప్పున మౌర్యులు, చోళులు, మొఘలులు వచ్చారు. నాయకుల జాబితాలో అశోకుడున్నాడు. ఈ శ్రేణి ప్రధాన భాగాల్లో మొదటి నుంచీ ఉంటూ వచ్చిన గాంధీ మాత్రం ఈసారి విడుదల నాటికి లేరు. ఆ తర్వాత అమ్మిన అదనపు ప్యాక్‌లలో ఒకదానిలో గ్రేట్ బ్రిటన్ ఆధునిక యుగపు నాగరికతగా వచ్చింది, మరొకదానిలో ఝాన్సీ లక్ష్మీబాయి నాయకురాలిగా వచ్చారు. ఆట నియమాల ప్రకారం లక్ష్మీబాయిని ఎంచుకున్న ఆటగాడు ఆధునిక యుగంలో గ్రేట్ బ్రిటన్‌ను అందుకుని ఏలుకోవచ్చు. దత్తపుత్రుడి వారసత్వాన్ని గుర్తించకుండా 1854లో ఝాన్సీని కలిపేసుకున్నది ఈస్టిండియా కంపెనీ. 1858 జూన్‌లో గ్వాలియర్ దగ్గర ఆమె ప్రాణం విడిచింది బ్రిటిష్ సేనలతో పోరాడుతూనే. ఆ మనిషి పేరు, రూపం, గొంతు తీసుకుని బ్రిటిష్ జెండా కింద నిలబెట్టడాన్ని ఆట ఎక్కడా తప్పుపట్టదు, ఎందుకని అడగదు.

1991లో రూపకర్త సిడ్ మైయర్ తెచ్చిన తొలి 'సివిలైజేషన్' ఆట నాటి సంగతులు, భారతదేశానికి గాంధీ, రష్యాకు స్టాలిన్, జులూలకు షాకా అన్న పాత జోడీలు, తొలి ఆటలో ఒక లోపం వల్ల గాంధీ అణుబాంబులు వేసేవాడన్న పుకారు, ఇవన్నీ ఈ ఆట అభిమానులకు తెలిసినవే కనుక ఇక్కడ వివరంగా చెప్పడం లేదు. అప్పట్లో నాయకుడంటే నాగరికతకు తగిలించిన ముఖం మాత్రమేనని గుర్తుంచుకుంటే చాలు. ముఖాన్ని నాగరికత నుంచి విడదీయాలన్న ఆలోచనే అప్పట్లో ఎవరికీ రాలేదు, ఎందుకంటే విడదీస్తే ఆ ముఖానికి సొంతంగా మిగిలేది పెద్దగా ఏమీ లేదు.

మలుపు 2024 ఆగస్టులో వచ్చిందని ఎక్కువమంది అంటారు. కొత్త ఆటను ఆ నెలలోనే బహిరంగంగా చూపించారు కనుక అలా అనిపించడం సహజం. ఇంకొందరు 2021లో యాంప్లిట్యూడ్ సంస్థ తెచ్చిన 'హ్యూమన్‌కైండ్' ఆటను వేలెత్తి చూపుతారు. యుగానికొక సంస్కృతిని మార్చుకునే పద్ధతి అందులో ముందే ఉంది కనుక ఫిరాక్సిస్ దాన్ని అనుసరించిందని వారి వాదన. అయితే హ్యూమన్‌కైండ్‌లో ఆటగాడి పాత్ర అతడు తయారు చేసుకున్న బొమ్మ మాత్రమే. అందులో పరాయి జెండా మోయవలసి వచ్చిన లక్ష్మీబాయి లేరు, అశోకుడు లేడు. కాబట్టి ఆ ఆట యుగమార్పిడి ఫిర్యాదుకు మూలం కావచ్చు గానీ, నాయకుడి ఫిర్యాదుకు మూలం కాదు.

నాయకుడి ఫిర్యాదుకు మూలం 'సివిలైజేషన్ 6'లోనే, 2016 నుంచి 2022 దాకా జరిగిన మూడు మెట్ల ప్రయాణంలో ఉంది. మొదటి మెట్టు 2016లో పడింది. అంతకు ముందు నాలుగో భాగంలో (2005) ఒక నాగరికతకు ఒకరికి మించి నాయకులు ఉండేవారు, మన వైపు అశోకుడు, గాంధీ ఇద్దరూ ఉండేవారు. అయితే వారి గుణాలు అందరికీ ఉమ్మడిగా ఉన్న ఒక చిన్న జాబితాలోంచి తీసి ఇచ్చినవి. ఆరో భాగం ఆ పద్ధతిని పూర్తిగా మార్చింది. నాగరికతకు ఒక శక్తి, నాయకుడికి విడిగా మరొక శక్తి అని రెండు పొరలుగా చీల్చింది. గ్రీసుకు ఏథెన్స్ నేత పెరిక్లిస్, స్పార్టా రాణి గోర్గో ఇద్దరినీ ఇచ్చి, నాగరికత శక్తిని ఇద్దరికీ ఉమ్మడిగా ఉంచి, పెరిక్లిస్‌కు నగర రాజ్యాలతో మైత్రి ద్వారా సంస్కృతిని, గోర్గోకు యుద్ధంలో గెలుపు ద్వారా సంస్కృతిని అందించింది. 2018లో 'రైజ్ అండ్ ఫాల్' విస్తరణలో (ఆటకు తర్వాత చేర్చిన భాగంలో) చంద్రగుప్త మౌర్యుడు వచ్చినప్పుడు, అదే ఏనుగుల దళం, అదే మెట్ల బావి గాంధీకీ చంద్రగుప్తుడికీ ఉమ్మడిగా ఉండి, సత్యాగ్రహం ఒకరిది, రాజ్య విస్తరణ యుద్ధం మరొకరిది అయ్యాయి. ఇది చాలా మంచి ఆలోచన. ఒకే నేల రెండు భిన్న రాజనీతులను కన్నదని ఆట ద్వారా చెప్పగలిగింది. అయితే నాయకుడు తనకంటూ సొంత శక్తి ఉన్న విడి భాగమైపోయింది కూడా అప్పుడే. విడి భాగమంటూ ఏర్పడ్డాక దాన్ని మరోచోట బిగించవచ్చునన్న ఆలోచన ఎప్పుడో ఒకప్పుడు రావలసిందే.

అది 2019 ఫిబ్రవరిలో వచ్చింది. 'గ్యాదరింగ్ స్టార్మ్' విస్తరణలో ఫ్రాన్స్‌లోని ఆక్విటేన్ డచెస్ ఎలినార్‌ను ఇంగ్లండ్‌కూ ఫ్రాన్స్‌కూ నాయకురాలిగా ఇచ్చారు. ఆటగాడి ఐచ్ఛికంగా కాక, ఆటే ఒకే నాయకురాలిని రెండు నాగరికతలకు ఇవ్వడం ఈ శ్రేణిలో అదే మొదలు. నా దృష్టిలో ఈ వివాదం మొత్తానికి కీలకం ఈ ఒక్క నిర్ణయమే. దాన్ని అప్పట్లో ఎవరూ తప్పుపట్టకపోవడానికి బలమైన కారణముంది. ఎలినార్ 1137లో ఏడో లూయీని పెళ్లాడి ఫ్రాన్స్ రాణి అయింది, 1152లో ఆ పెళ్లి రద్దయ్యాక అదే ఏడాది అంజూ హెన్రీని పెళ్లాడింది, 1154లో అతడు రెండో హెన్రీగా సింహాసనం ఎక్కడంతో ఇంగ్లండ్ రాణి అయింది. ఆటలో ఆమె శక్తి కూడా ఆ జీవితానికి తగినట్టే ఉంది, ఆమె నగరాల్లోని గొప్ప కళాఖండాల ఆకర్షణకు పక్క రాజ్యాల నగరాలు విధేయత కోల్పోయి ఆమె వైపు వచ్చేస్తాయి. 2021లో వచ్చిన కుబ్లాయ్ ఖాన్‌ను మంగోలియాకూ చైనాకూ నాయకుడిగా ఇవ్వడం కూడా ఇలాంటిదే. చెంఘీజ్ మనవడు, 1271లో యువాన్ వంశాన్ని ప్రకటించినవాడు కనుక రెండు వైపులా అతడికి హక్కుంది. ఈ రెండు సందర్భాల్లోనూ నాయకుడు గడప దాటడానికి అనుమతి ఇచ్చినది ఆ మనిషి బతికిన బతుకు.

మూడో మెట్టులో ఆ నిబంధన సడలింది, అదీ పెద్ద చర్చ లేకుండా సడలింది. 2022 చివర నుంచి విడతలుగా వచ్చిన 'లీడర్ పాస్'లో కొత్త నాయకులు, పాత నాయకుల కొత్త రూపాలు ఉన్నాయి గానీ కొత్త నాగరికత ఒక్కటీ లేదు. వచ్చిన ప్రతి నాయకుడినీ అప్పటికే ఉన్న నాగరికతల్లో ఎక్కడో ఒకచోట సర్దవలసి వచ్చింది. అలా ఎన్జింగా రాణిని కొంగో నాగరికతకు నాయకురాలిని చేశారు. పదిహేడో శతాబ్దంలో పోర్చుగీసు వారిని దశాబ్దాల పాటు ఎదిరించిన ఆ మహారాణి ఏలినవి ఎన్‌డోంగో, మటాంబా రాజ్యాలు. కొంగో పొరుగు రాజ్యం, వేరే రాజ్యం. ఎలినార్‌కు అడిగిన ఆధారం ఎన్జింగా దగ్గరకు వచ్చేసరికి 'దగ్గరి ప్రాంతం' అన్న స్థాయికి దిగిపోయింది. ఎన్జింగాకు ఎన్‌డోంగోను కట్టి ఇవ్వడానికి శ్రమ, ఖర్చు అవుతాయన్నది కాదనలేని మాటే. కానీ ఆ మిగులుబాటు భారం పడినది ఆఫ్రికా చరిత్ర మీద. ఇక 2025 నాటికి దగ్గరి ప్రాంతం అన్న షరతు కూడా అక్కరలేకపోయింది. ఆట మొదట్లో కొన్ని నాగరికతల పక్కన ఇది ఈ నాయకుడికి చారిత్రకంగా తగిన ఎంపిక అని ఒక గుర్తు చూపిస్తారు, అది సలహా మాత్రమే.

సంస్థ పక్షాన చెప్పవలసినవి ఉన్నాయి. చరిత్ర పొరలు పొరలుగా ఏర్పడుతుందని రూపకర్త ఎడ్ బీచ్ బృందం మొదటి నుంచీ చెబుతూ వచ్చింది, లండన్ మీద రోమన్లు, శాక్సన్లు, నార్మన్లు వేసిన పొరలు అందుకు సాక్ష్యం. చాలామంది ఆటగాళ్లు ఆటను చివరి దాకా ఆడకుండానే వదిలేస్తున్నారన్నది వారి రెండో కారణం. పాత ఆటల్లో రోమన్ సైన్యం మొదటి గంటల్లోనే పాతబడిపోయేది, అమెరికా ప్రత్యేక విమానం రావడానికి ఆట ముగింపు దాకా ఆగవలసి వచ్చేది. యుగానికొక నాగరికత ఉంటే ప్రతి నాగరికతా తన మంచి కాలంలోనే కనిపిస్తుంది. ఈ కారణాలు యుగమార్పిడిని సమర్థించడానికి సరిపోతాయి. నాయకుణ్ణి విడదీయడానికి ఇవేవీ సరిపోవు. ఇంకా చెప్పాలంటే పొరల వాదన విడదీతకు అడ్డం తిరుగుతుంది. ఏ దేశ చరిత్రలోనైనా ప్రజలు, నేల నిలిచి ఉంటారు, పైన ఏలికలు మారుతూ ఉంటారు. ఈ ఆటలో ఏలిక అమరుడై నిలిచి, కింద ప్రజలు మారిపోతున్నారు.

పొరలకు మన చరిత్రలోనే చక్కని ఉదాహరణ ఉంది, అదీ ఈ ఆటలోని చోళ నాగరికతకు సంబంధించినదే. నన్నయను ఆదరించిన వేంగి చాళుక్య రాజు రాజరాజ నరేంద్రుడు. ఆయనకు రాజేంద్ర చోళుడి కుమార్తె అమ్మంగదేవి వల్ల పుట్టినవాడు 1070లో చోళ సింహాసనం ఎక్కి మొదటి కులోత్తుంగ చోళుడయ్యాడు. తెలుగు నేల మీది రాజకుమారుడు కావేరి తీరపు సామ్రాజ్యానికి చక్రవర్తి కావడం కన్నా ఆటకు తగిన కథ ఏముంటుంది? అయితే అతడు అక్కడికి వెళ్లినది తల్లి రక్తసంబంధంతో, ముందటి చోళ రాజు మరణానంతరం ఏర్పడిన కల్లోలంలో, రెండు రాజవంశాల మధ్య తరతరాల వియ్యం వల్ల. ఎలినార్ పద్ధతిలో చూస్తే కులోత్తుంగుడికి వేంగి, చోళ రెండు నాగరికతలనూ గౌరవంగా ఇవ్వవచ్చు. ఇప్పటి పద్ధతిలో అతడికి ఏదైనా ఇవ్వవచ్చు కనుక, అతడి కథకు ఆటలో ప్రత్యేకంగా విలువ లేకుండా పోతుంది.

ఈ జోడీ వెనుక బతికి ఉన్న మనుషుల గౌరవం ఉందని ఫిరాక్సిస్‌కు చాలా ముందే తెలుసు. 2013లో ఐదో భాగం విస్తరణ కోసం అమెరికా మూలవాసులైన ప్యూబ్లో ప్రజలను, 1680లో స్పెయిన్ పాలకుల మీద తిరుగుబాటు నడిపిన పోపేను తేవాలనుకున్నప్పుడు, ఆయన రూపాన్ని వాడటానికి ప్యూబ్లో పెద్దలు ఒప్పుకోలేదు. సంస్థ ఆ ఆలోచన మానుకుని మరో మూలవాసి తెగ షోషోనీలను తెచ్చింది. 2018లో కెనడా మూలవాసి తెగ అయిన క్రీల నాయకుడు పౌండ్‌మేకర్‌ను ప్రకటించినప్పుడు, ఆయన పేరు మీదున్న క్రీ నేషన్ పెద్దల్లో ఒకరైన మిల్టన్ టుటూసిస్, ఇతరులను జయించడమే విలువగా గల వలస సంస్కృతిని తమ పూర్వీకులకు అంటగడుతున్నారని బహిరంగంగా ఆక్షేపించారు. పౌండ్‌మేకర్‌ను 1885లో రాజద్రోహం పేరుతో జైలుకు పంపిన కెనడా ప్రభుత్వం, ఆట వచ్చిన మరుసటి ఏడాది, 2019లో ఆయన నిర్దోషి అని ప్రకటించింది. ఆ పాఠం వల్ల కావచ్చు, ఏడో భాగం కోసం అమెరికా మూలవాసులైన షావనీ తెగను, వారి చీఫ్ బెన్ బార్న్స్‌ను సంప్రదించి, వారి భాషను, చరిత్రను వారి సహకారంతోనే ఆటలోకి తెచ్చారు. ఇది సంస్థ చేసిన మంచి పనుల్లో ఒకటి, దీన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి.

కానీ ఆ శ్రమనే కొత్త సూత్రం వమ్ము చేస్తుంది. షావనీ నాగరికత అన్వేషణ యుగానిది, దానితో వచ్చిన నాయకుడు టెకుమ్సే. అమెరికా విస్తరణను అడ్డుకోవడానికి అనేక తెగలను కూడగట్టి, 1813 అక్టోబరులో కెనడాలో జరిగిన థేమ్స్ యుద్ధంలో అమెరికా సైన్యం చేతిలో చనిపోయినవాడు ఆయన. ఆధునిక యుగానికి చేరాక ఆటగాడు తగిన షరతులు నెరవేరిస్తే అదే టెకుమ్సే అమెరికాను ఏలుతాడు. షావనీ పెద్దల సమ్మతి ఎంత జాగ్రత్తగా తీసుకున్నా, అది తమ నాయకుడు తమ ప్రజలతో కలిసి కనిపిస్తాడన్న తలపుతో ఇచ్చిన సమ్మతే కదా.

సంస్థ హామీ ఇచ్చిన మార్పు ప్రకారం, అశోకుడితో మౌర్యులను ఎంచుకున్నవారు ఆధునిక యుగం దాకా మౌర్యులుగానే ఆడుకోగలరు, యుగమార్పిడి ఫిర్యాదు వారికి తీరుతుంది. ఆట మొదట్లోనే అశోకుడికి రోమ్‌ను, రోమన్ చక్రవర్తి అగస్టస్‌కు మౌర్యులను ఇచ్చే వీలు మాత్రం దాని వల్ల మారదు. దీనికి కావలసిన పరిష్కారం పెద్దదేమీ కాదు. నాలుగో భాగానికి 2007లో వచ్చిన 'బియాండ్ ద స్వోర్డ్' విస్తరణలో ఏ నాయకుడికైనా ఏ నాగరికతనైనా ఇచ్చుకునే ఐచ్ఛికం ఉండేది, కావాలనుకున్నవారు ఆట మొదలుపెట్టే ముందు దాన్ని ఎంచుకునేవారు, ఎంచుకోకపోతే జోడీలు చరిత్ర ప్రకారమే ఉండేవి. ఏడో భాగంలో చారిత్రక ఎంపిక అన్న గుర్తు ఇప్పటికే ఉంది కనుక, ఆ గుర్తు ఉన్న జోడీలతోనే, కంప్యూటర్ నడిపే ప్రత్యర్థులతో సహా, ఆట సాగాలని కోరుకునేవారికి అలాంటి ఒక ఐచ్ఛికం ఇవ్వవచ్చు. దాన్ని ఎంచుకోనివారు ఇప్పటిలాగే తమకు నచ్చినట్టు కలుపుకుంటారు.