పొట్టలో ఎన్యూరిజం: నొప్పి వచ్చేదాకా ఆగకండి

"నొప్పేమీ లేదు కదండీ, మళ్లీ స్కానింగు దేనికి?" రక్తనాళాల సర్జనుగా ఈ మాట నేను వినని వారం ఉండదు. పొట్టలోని ఎన్యూరిజం గురించి అపోహలు చాలానే ఉన్నా, ఎక్కువ ప్రాణాలు తీస్తున్నది నొప్పి లేకపోతే ప్రమాదం లేదనే ఈ అపోహే.

ఎన్యూరిజం మామూలుగా నొప్పి పుట్టించదు. గుండె నుంచి పొట్టలోకి దిగే పెద్ద రక్తనాళమే బృహద్ధమని. పొట్టలో 2 సెంటీమీటర్ల వెడల్పుండే అది ఉబ్బి 3కు చేరితే దాన్ని ఎన్యూరిజం అంటాం. అది 4 అయినా, 5 అయినా మనిషికి తెలియదు. పొలానికి వెళ్తాడు, తింటాడు, హాయిగా నిద్రపోతాడు. నడుములోనో పొట్టలోనో ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి మొదలైతే మాత్రం గోడ చిట్లుతోందనే అనుమానించాలి. చిట్లాక చాలామంది ఆసుపత్రి దాకా కూడా రాలేరు. అదే చిట్లకముందు, సరైన సమయంలో ఆపరేషను చేయించుకుంటే నూటికి 95 మంది క్షేమంగా ఇంటికి వెళ్తారు.

కొన్నేళ్ల క్రితం ఒక పెద్దాయనను రాత్రిపూట తీసుకొచ్చారు. చిన్నప్పటి నుంచీ చుట్ట అలవాటు. రెండు రోజులుగా నడుము నొప్పి అంటే కిడ్నీలో రాయి అనుకుని ఇంజెక్షన్లు చేయించారు. మా దగ్గరికి వచ్చేసరికి ఒళ్లు చల్లబడింది, బీపీ అందడం లేదు. దక్కించుకోలేకపోయాం. తెల్లవారాక ఆయన కొడుకు ప్లాస్టిక్ కవరులోంచి మూడేళ్ల నాటి అల్ట్రాసౌండు రిపోర్టు తీశాడు. ప్రొస్టేటు కోసం తీయించినది. మడత పడిన చోట, చెరిగిపోయిన అక్షరాల్లో బృహద్ధమని 4.6 సెంటీమీటర్లని ఉంది. "ఇందులోనే ఉందా సార్?" అని అడిగాడు. ఆ వరుస అంతకుముందు ఎవరూ వాళ్లకు చదివి చెప్పలేదు.

అందుకే అడుగుతున్నాను, మీ ఇంట్లో పెద్దవాళ్ల పాత స్కాన్ రిపోర్టులు ఒకసారి తీసి చూడండి.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉండేవాళ్లూ వస్తారు. 3.5 అని తెలిసిన రోజు నుంచి ఇల్లంతా నిద్ర మానేస్తుంది. పొట్టలో బాంబు ఉందని ఫోన్లలో తిరిగే మాటలు వాళ్లను చంపుకుతింటాయి. ఆ మాటలు పుట్టించేవాళ్ల మీద నాకు నిజంగా కోపం వస్తుంది. అమ్మా, భయపడకండి. మగవాళ్లలో 5.5, ఆడవాళ్లలో 5 సెంటీమీటర్లకు చేరేదాకా సాధారణంగా ఆపరేషను అవసరం ఉండదు. అంతకన్నా చిన్నవాటికి ముందే కోసినందువల్ల ఆయుష్షు పెరగలేదని బ్రిటన్, అమెరికాల్లో జరిగిన పెద్ద అధ్యయనాలు తేల్చాయి. 4 లోపు ఉంటే మూడేళ్లకోసారి, 4 దాటితే ఏటా, 5 దాటితే ఆరు నెలలకోసారి స్కానింగు. వేగంగా పెరిగినా, నొప్పి వచ్చినా లెక్క మారుతుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఉబ్బును కరిగించే మాత్ర గానీ, కషాయం గానీ లేదు. బీపీ, కొలెస్టరాల్ మాత్రలు గుండెను కాపాడటానికి, వాటిని మానకండి. చుట్ట, బీడీ, సిగరెట్టు మానేస్తే పెరుగుదల నెమ్మదిస్తుంది, ఇప్పుడు మానినా ఆలస్యం కాదు. నడక మానక్కర్లేదు, ఊపిరి బిగబట్టి బస్తాలు ఎత్తడం మాత్రం వద్దు. తొడ దగ్గర నుంచి స్టెంట్ గ్రాఫ్టు, అంటే ఉబ్బిన చోట రక్తనాళం లోపల అమర్చే గొట్టం, వేయించుకుంటే పని అయిపోయినట్టు కాదు, పక్క నుంచి రక్తం లీకవుతోందేమో జీవితాంతం చూపించుకోవాలి. జ్వరానికో విరేచనాలకో మందుల దుకాణంలో సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్ మాత్రలు అడిగి తెచ్చుకోకండి. ఎన్యూరిజం ఉన్నవారికి వేరే దారి ఉన్నప్పుడు ఇవి ఇవ్వవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లోనే హెచ్చరించింది.

నొప్పి వస్తే గ్యాస్ అని ఇంట్లో కూర్చోవద్దు. అత్యవసర విభాగంలో మొదటి మాటగా "ఎన్యూరిజం ఉంది" అని చెప్పండి, రిపోర్టు చేతిలో పెట్టండి.

ఇది రక్తసంబంధీకుల్లో కూడా వస్తుంది కాబట్టి, ఆ పెద్దాయన తమ్ముడికి స్కానింగు చేయించమని ఆ రోజే కొడుకుతో చెప్పాను. 4.1 ఉంది. ఆ బాబాయి చుట్ట మానేశారు. ఏటా సంక్రాంతి అవగానే, వెనకటి రిపోర్టులన్నీ వరుసగా పేర్చుకుని మా గది బయట కూర్చుంటారు. నిరుటి కొలత 4.4.