మెయిల్ మీట ఎవరి చేతిలో ఉంది?

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల మెయిళ్లు జోహోకు మారడంపై వాదన మళ్లీ మొదలైంది. సుమారు 12 లక్షల ఖాతాలవి. చిరునామా చివర ఎప్పటిలాగే ప్రభుత్వ డొమైనే ఉంటుంది, లోపల నడిచే సాఫ్ట్‌వేర్ మాత్రం చెన్నై కంపెనీ జోహోది. ఏడేళ్ల కాంట్రాక్టు 2023లోనే కుదిరింది. జోహో వ్యవస్థాపకుడు శ్రీధర్ వెంబు కథ అందరికీ తెలిసిందే కాబట్టి నేరుగా 2025 జులైకి వద్దాం.

ఆ నెల 18న రష్యాపై యూరోపియన్ యూనియన్ ప్రకటించిన ఆంక్షల్లో నయారా ఎనర్జీ పేరుంది. గుజరాత్‌లోని వాడినార్‌లో ఏటా 2 కోట్ల టన్నుల ముడిచమురు శుద్ధి చేయగల కంపెనీ అది. రష్యాకు చెందిన రాస్‌నెఫ్ట్‌కు అందులో 49.13 శాతం వాటా ఉంది. కొద్ది రోజులకే మైక్రోసాఫ్ట్ నయారాకు తన సేవలు ఆపేసింది. ఔట్‌లుక్ లేదు, టీమ్స్ లేదు. ఇలాంటి వ్యవస్థల్లో మెయిల్, క్యాలెండర్, మీటింగులు, ఫైళ్లు అన్నీ ఒకే లాగిన్ కింద ఉంటాయి. అది ఆగితే ఆఫీసు ఆగినట్టే. లైసెన్సులకు డబ్బు పూర్తిగా కట్టాం, మా డేటా మాకే అందకుండా చేశారు, అమెరికా చట్టంగానీ భారత చట్టంగానీ ఇలా ఆపమనలేదు అంటూ నయారా ఢిల్లీ హైకోర్టుకెక్కింది. మెయిళ్ల కోసం భారతీయ కంపెనీ రెడిఫ్‌ను ఆశ్రయించింది. జులై 30కి సేవలు తిరిగొచ్చాయి గానీ, టెన్షన్ పోలేదు.

ఆ తర్వాతే స్వదేశీ మాట ఊపందుకుంది. సెప్టెంబరులో కేంద్రమంత్రి అశ్వినీ వైష్ణవ్ జోహోకు మారుతున్నానన్నారు. అక్టోబర్ 8న అమిత్ షా తన కొత్త జోహో మెయిల్ చిరునామా ప్రకటించారు.

అయితే కంపెనీ మనదైనంత మాత్రాన మీట మన చేతికి వచ్చినట్టేనా? 2018 సెప్టెంబర్ 24న జోహో డొమైన్‌నే దాని రిజిస్ట్రార్, అంటే డొమైన్ పేర్లు నమోదు చేసే కంపెనీ, ఆపేసింది. ఫిషింగ్ (మోసపు మెయిళ్ల) ఫిర్యాదులు కారణం. అవి మూడేనని జోహో చెప్పింది. రిజిస్ట్రార్ కంపెనీలో పెద్దలెవరైనా స్పందించండంటూ వెంబు ట్విట్టర్‌లో వేడుకోవాల్సి వచ్చింది. అప్పటిదాకా జోహో మీదే ఆఫీసు నడుపుకుంటున్న చిన్న వ్యాపారుల గతేమిటి?

ఓపెన్ సోర్స్ కోరేవాళ్ల వాదనకు బలం ఇక్కడే. జర్మనీలోని ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రం 40 వేలకు పైగా మెయిల్‌బాక్సులను మైక్రోసాఫ్ట్ నుంచి ఓపెన్-ఎక్స్‌ఛేంజ్, థండర్‌బర్డ్ అనే ఓపెన్ సోర్స్ మెయిల్ సాఫ్ట్‌వేర్లకు 2025 అక్టోబర్ నాటికి మార్చేసింది. ఓపెన్ సోర్స్‌లో కోడ్ బహిరంగం. నడిపే కంపెనీతో పొసగకపోతే, అదే కోడ్‌ను ఇంకొకరితో నడిపించుకోవచ్చు. జోహో కోడ్‌తో ఆ వీలు లేదు.

డేటా ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ దగ్గరే ఉంటుందని, భద్రతా ఆడిట్లు జరిగాయని అధికారులు అంటున్నారు. మంచిదే. కానీ ఏడేళ్ల గడువు 2030లో తీరుతుంది. ఆ రోజు 12 లక్షల ఖాతాల పాత మెయిళ్లు, క్యాలెండర్లు, ఫైళ్లు వేరేచోటికి ఎలా తరలుతాయో, ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలో ప్రభుత్వం ఇప్పుడే జనం ముందు పెట్టాలి.