ఎనిమిది నిమిషాల కిరసనాయిలు

చిరంజీవులు బుజ్జికీ చిట్టికీ తాతయ్య దీవెనలు.

మొన్న ఫోనులో బుజ్జి అడిగాడు కదా, "అంతరిక్షం సినిమా తీసినాయన రాకెట్టు ఎక్కాడా తాతయ్యా?" అని. ఆయన కాదురా, ఆవిడ. కెనడా ఆవిడ, పేరు టోనీ మైయర్స్. 1985లో వచ్చిన అంతరిక్షం సినిమా ‘ద డ్రీమ్ ఈజ్ అలైవ్’కి ఎడిటింగ్ చేశారు, తర్వాత దర్శకురాలయ్యారు. 2019లో పోయారు. రాకెట్టు మాత్రం ఎక్కనే లేదు. వ్యోమగాములకు నేర్పి, వాళ్ళ చేత తీయించారు.

అదెలాగంటే చెబుతా వినండి. హైస్కూలు చదువుకి నేను పక్క ఊళ్ళో గది తీసుకుని వండుకు తినేవాణ్ణి. ఆ గది మా అమ్మ ఎన్నడూ చూడలేదు. అయినా అక్కడ ఉడికిన కూర అమ్మదే. వెళ్ళేముందు నెల్లాళ్ళు కూర్చోబెట్టి నేర్పింది. "కిరసనాయిలు రేషనులో వచ్చేది కాస్తే. స్టవ్ వెలిగించి వంకాయలు తరుగుతూ కూర్చోకు. అన్నీ తరుక్కుని, పోపుగింజలు పక్కన పెట్టుకుని, అప్పుడు గియ్యి అగ్గిపుల్ల" అనేది.

ఆవిడ తీసిన ‘హబుల్ 3డి’ సినిమా కథా ఇదే. 2009 మే నెలలో, అంతరిక్షంలో తిరిగే హబుల్ టెలిస్కోపు బాగుచెయ్యడానికి అట్లాంటిస్ షటిల్, అంటే మనుషుల్ని పైకి తీసుకెళ్ళి తిరిగి తెచ్చే బండి, వెళ్ళింది. దాని సామాన్ల అరలో ఐమాక్స్ కెమెరా పెట్టారు. లోపల 5,400 అడుగుల ఫిల్మ్, అంటే మైలు పైచిలుకు. ఎంతసేపు వస్తుందనుకున్నారు? ఎనిమిది నిమిషాలు! ఐమాక్స్ బొమ్మ పెద్దది, పైగా రెండు కళ్ళకీ వేరువేరు బొమ్మలు, సెకనుకు 24 చొప్పున. అయిపోతే పైన ఇంకో రీలు ఎక్కించే దారి లేదు. అందుకే మైయర్స్, ఛాయాగ్రాహకుడు జేమ్స్ నైహౌస్ కలిసి వ్యోమగాములకు వెలుతురు సంగతీ, ఏ క్షణంలో మీట నొక్కాలన్న సంగతీ కిందే నేర్పారు. వంకాయలు ముందే తరిగేశారన్నమాట.

నేను మాత్రం రెండో రోజే స్టవ్ వెలిగించి ఉప్పు కోసం పక్కింటికి పోయాను. కూర మాడి బొగ్గయింది. అమ్మకి చివరిదాకా చెప్పలేదు. కాబట్టి నీతులు చెప్పే మొహం నాది కాదు గానీ, పరీక్ష రోజు పొద్దున పెన్ను వెతుక్కునే చిట్టి కొంచెం ఆలోచించుకోవాలి.

2011లో షటిళ్ళు ఆగిపోయాయి. ఫిల్మ్ డబ్బాలు మోసుకొచ్చే బండి లేకుండా పోయింది. పైన ఎక్కువ రోజులుంటే రేడియేషన్ తగిలి ఫిల్మ్ పాడవుతుంది కూడా. 2016లో వచ్చిన ‘ఎ బ్యూటిఫుల్ ప్లానెట్’ని అందుకే, వ్యోమగాములు నెలల తరబడి ఉండే స్పేస్ స్టేషన్‌లోంచి, డిజిటల్ కెమెరాలతో తీశారు. మనింటికి గ్యాస్ సిలిండర్ వచ్చినట్టే. కానీ గంటన్నరకోసారి భూమిని చుట్టేస్తూ, రాత్రి ఊళ్ళ దీపాలన్నీ కిటికీలోంచి చూడ్డం ఎలా ఉంటుందో చెప్పాలంటే నా కిరసనాయిలు స్టవ్ చాలదర్రా.

ఒక పని చెయ్యండి. ఆ స్పేస్ స్టేషన్ మీ ఊరి మీదుగా ఎప్పుడు వెళ్తుందో నాన్నని చూసి చెప్పమనండి. పొద్దుగుంకాక కాసేపటికో, తెల్లవారేముందో డాబా ఎక్కండి. విమానంలా మిణుకుమిణుకుమనదు, చప్పుడుండదు, నిండు చుక్కలా జారిపోతుంది. ఒక్కోసారి ఆకాశం మధ్యలోనే, భూమి నీడలోకి పోయి, మాయమవుతుంది. ఏ పక్క కనిపించిందో, ఎక్కడ మాయమైందో నాకు రాయండి.

మీ
తాతయ్య