అక్కకు తెరుచుకుంది, తమ్ముడికి తాళం

పిల్లలూ,

మొన్న ఆదివారం మీ పోట్లాట అంతా ఫోన్‌లో విన్నాను. అక్క తన యూనివర్సిటీ లైబ్రరీలో హాయిగా తెరిచి చదివిన పరిశోధన ఆర్టికల్‌ను, తమ్ముడు తన ఇంజనీరింగ్ కాలేజీలో తెరవబోతే 35 డాలర్లు కట్టమందట. వాడు అక్క పాస్‌వర్డ్ అడిగాడు, అక్క ఇవ్వనంది, ఇద్దరూ అలిగారు. ముప్పై ఏళ్ళు లైబ్రరీలోనే బతికినవాణ్ణి, ఈ తాళం సంగతి నేను చెప్పకపోతే మీకెవరు చెబుతారు?

అలాంటి ఆర్టికల్స్ అచ్చయ్యే పత్రికే జర్నల్. నేను ఉద్యోగంలో చేరినప్పుడు జర్నల్ అంటే కాగితమే. విదేశాల నుంచి పోస్టులో వచ్చేది. కార్డెక్స్ అనే కార్డుల చిట్టాలో సంచిక నంబరు రాసుకుని ర్యాక్‌లో పెట్టేవాళ్ళం. ఏడాది సంచికలన్నీ చేరాక బైండింగ్‌కు పంపేవాళ్ళం. ఒకసారి డబ్బు కట్టామంటే ఆ వాల్యూమ్ మాదే. చందా ఆపేసినా పాత వాల్యూముల జోలికి ఎవరూ వచ్చేవారు కాదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది.

బాధంతా ధరతోనే. చందా డాలర్లలోనో పౌండ్లలోనో కట్టాలి, బడ్జెట్టేమో రూపాయల్లో వస్తుంది. 1991 జూలైలో రూపాయి విలువను రెండు దఫాలుగా తగ్గించారు. అంతకు ముందు ఏడాది వచ్చిన డబ్బే వచ్చినా అన్ని జర్నల్స్ రావు. ఏవి ఆపేయాలో తేల్చడానికి మీటింగ్ పెడితే ఫిజిక్స్ వాళ్ళు కెమిస్ట్రీ వాళ్ళ జాబితా వైపు, కెమిస్ట్రీ వాళ్ళు ఫిజిక్స్ జాబితా వైపు చూసేవారు. సోనా మసూరి ధర పెరిగితే ఇంకో రకం బియ్యం తెచ్చుకుంటాం. జర్నల్ అలా కాదు. మీకు కావలసిన పరిశోధన ఏ సంచికలో అచ్చయిందో అదే కావాలి, పక్కది చవగ్గా దొరికినా పనికిరాదు. ఈ సంగతి పబ్లిషర్లకు మనకంటే బాగా తెలుసు.

ఇంకో వింత. ఆర్టికల్ రాసిన ప్రొఫెసర్‌కు పబ్లిషర్ సాధారణంగా పైసా ఇవ్వడు. దాన్ని పరిశీలించి బాగోగులు చెప్పే తోటి శాస్త్రవేత్తకూ ఇవ్వడు. వాళ్ళ జీతాలు యూనివర్సిటీలు ఇస్తాయి. ఆ యూనివర్సిటీలే మళ్ళీ డబ్బు పెట్టి ఆ రాతను కొనుక్కుంటాయి. మన పెరట్లో కాసిన మామిడికాయలను మనమే బజారులో కొనుక్కోవడం లాంటిది. నాకు మొదటి నుంచీ ఇది మింగుడుపడలేదు.

అప్పట్లో మేము చేయగలిగింది ఒకటే. ఎవరి దగ్గర ఏముందో జాబితాలు మార్చుకుని, లేనిది పక్క లైబ్రరీ నుంచి జిరాక్స్ తీయించి పోస్టులో తెప్పించుకోవడం. ఈ పనిని పద్ధతిగా చేసినవాళ్ళలో ముందు నిలిచినవారు ఖగోళశాస్త్ర సంస్థల లైబ్రేరియన్లు. 1981లోనే ఫోర్సా అనే వేదిక పెట్టుకున్నారు. తర్వాత మన ఉస్మానియా ఖగోళశాస్త్ర కేంద్రం కూడా అందులో భాగమైంది. పెద్ద ఆఫీసులూ నిధులూ ఉండి కాదు, ఒకరినొకరు ఎరిగి ఉండటం వల్ల నడిచింది.

జర్నల్ కంప్యూటర్‌లోకి వచ్చాక లెక్క మారింది. కాగితం సంచిక ఇంకొకటి అచ్చువేయాలంటే ఖర్చు. తెర మీద ఇంకో వెయ్యి మంది చదివితే పబ్లిషర్‌కు ఖర్చు దాదాపు సున్నా. జన్మలో ఆ జర్నల్ కొనలేని డిగ్రీ కాలేజీ ఎంత ఇచ్చినా అది వాడికి కొత్తగా వచ్చే డబ్బే. కాబట్టి వంద లైబ్రరీలు ఒకే మాట మీద వెళ్ళి ‘అందరికీ కలిపి ఎంతకిస్తావు’ అని అడిగితే దిగివస్తాడు. ఇలా కలిసి కొనే జట్టును కన్సార్షియం అంటారు. పబ్లిషర్ తక్కువ తిన్నవాడా? కేబుల్ టీవీ ప్యాకేజీలాగా, అడిగిన పది జర్నల్స్‌తో పాటు అడగని వందా కలిపి ఒకే మూటగా అమ్మాడు.

మన దేశంలో 2003 దీనికి మలుపు. ఐఐటీలూ ఎన్‌ఐటీల కోసం ఢిల్లీ ఐఐటీ కేంద్రంగా ఇండెస్ట్ అనే కన్సార్షియం మొదలైంది. ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలు కూడా తమ డబ్బు తాము కట్టుకుని అదే బేరం ధరకు చేరే వీలుండేది. ఆ డిసెంబరులోనే రాష్ట్రపతి కలాం గారు యూనివర్సిటీల కోసం యూజీసీ ఇన్ఫోనెట్ కన్సార్షియం ప్రారంభించారు. నడిపేది గుజరాత్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ. 2007లో వ్యవసాయ పరిశోధన సంస్థలకు సెరా అనే జట్టు వచ్చింది. 2010లో కాలేజీల కోసం ఎన్-లిస్ట్. నాకు వీటన్నిటిలో ఎన్-లిస్టే ముద్దు. ఏడాదికి 5,000 రూపాయల చందాతో ఓ చిన్న ఊరి ఎయిడెడ్ కాలేజీ లెక్చరర్ వేల జర్నల్స్ చూడగలిగాడు. ఆ డబ్బుకి నా రోజుల్లో ఒక విదేశీ జర్నల్ కూడా వచ్చేది కాదు. 2015లో ఇండెస్ట్, ఇన్ఫోనెట్, ఎన్-లిస్ట్ మూడింటినీ ఈ-శోధ్‌సింధు పేరుతో ఒకే గొడుగు కిందకు తెచ్చారు.

బేరంలో లేచి వచ్చేసే ధైర్యం కూడా ఉండాలి. మీ అమ్మమ్మ చీరల కొట్లో చేసినట్టు. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పది క్యాంపసులూ ఒక్కటై 2019 ఫిబ్రవరిలో ఎల్సెవియర్ అనే పెద్ద పబ్లిషర్‌తో ఒప్పందం తెంచుకున్నాయి. రెండేళ్ళు ఒప్పందం లేకుండానే నెట్టుకొచ్చి, 2021 మార్చిలో కొత్త షరతుల మీద కలిశాయి. ఒంటరి లైబ్రరీ అలా లేచి వస్తే దుకాణదారు తలెత్తి కూడా చూడడు.

ఇక మీ తగాదా దగ్గరికి వస్తాను. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’కు, అంటే అందరి తరఫునా ప్రభుత్వమే పబ్లిషర్లకు చందా కట్టే పథకానికి, ఒప్పుకుంది. 2025 నుంచి 2027 దాకా మూడేళ్ళకు 6,000 కోట్లు, 30 మంది పబ్లిషర్లు, దాదాపు 13,000 జర్నల్స్. 6,300 పైచిలుకు సంస్థల్లోని దాదాపు 1.8 కోట్ల మందికి. పాత అలవాటు కొద్దీ కాగితం మీద భాగించి చూశాను. మనిషికి ఏడాదికి దాదాపు 1,100 రూపాయలు. తమ్ముడు చూసిన ఆ ఒక్క ఆర్టికల్ ధరకే ఇందులో రెండేళ్ళు గడిచిపోతాయి.

అయితే ఇది ప్రస్తుతానికి కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ విద్యాసంస్థలకూ, కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థలకూ మాత్రమే. అక్కది ప్రభుత్వ యూనివర్సిటీ, తెరుచుకుంది. తమ్ముడిది ప్రైవేటు కాలేజీ, తాళం. ఇంజనీరింగ్ పిల్లల్లో ఎక్కువమంది ప్రైవేటు కాలేజీల్లోనే చదివే మన రాష్ట్రాల్లో ఈ గీత నాకు నచ్చలేదు. ‘వన్ నేషన్’ అని పేరు పెట్టి ఒకే ఇంట్లో ఇద్దరి మధ్య గోడ కట్టడమేమిటి?

అంత మాత్రాన పాస్‌వర్డ్ ఇవ్వకు తల్లీ, నువ్వు చేసిందే సరైనది. క్యాంపస్ ఇంటర్నెట్‌కు ఇంటి నంబరు లాంటి ఒక ఐపీ అడ్రస్ ఉంటుంది. పబ్లిషర్ దాన్ని గుర్తుపట్టి తలుపు తీస్తాడు. క్యాంపస్ బయట నుంచైతే లాగిన్‌ను చూసి తీస్తాడు. మా లైబ్రరీలో ఒకసారి ఒక కుర్రాడు ఏదో ప్రోగ్రామ్ పెట్టి రాత్రంతా వందల ఆర్టికల్స్ దింపుకున్నాడు. తెల్లారేసరికి పబ్లిషర్ క్యాంపస్ మొత్తానికి తలుపు మూసేశాడు. థీసిస్ గడువు దగ్గరపడ్డ పిల్లలు టెన్షన్‌తో నా గది ముందు నిలబడ్డారు. సంజాయిషీలు రాసి తెరిపించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

నన్ను తొలిచేది ఇంకొకటుంది. కాగితం వాల్యూమ్ మాదే అన్నాను కదా. ఈ-జర్నల్ చాలావరకు అద్దె ఇల్లు. చందా కట్టిన ఏళ్ళ సంచికలు తర్వాత కూడా చూసుకునే హక్కు ఒప్పందంలో రాసుకుంటే సరే, లేకపోతే చందాతో పాటే పాత సంచికలూ పోతాయి. 2027 తర్వాత ఏమిటన్నది ఎవరినైనా ఇప్పుడే అడగాలి.

ఒరేయ్ చిన్నోడా, నువ్వు చేయాల్సింది విను. ముందు మీ కాలేజీ లైబ్రేరియన్‌ను కలువు. గూగుల్‌ను అడిగినంత తేలిగ్గా ఆయన్ని ఎవరూ అడగరు, పాపం. ఆ ఆర్టికల్ ఆర్కైవ్ (arXiv) అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉందేమో వెతుకు. ఆ పని మన దేశంలో చేసిన పీహెచ్‌డీ అయితే మన థీసిస్‌లన్నీ దాచే శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో థీసిస్ ఉండొచ్చు. ఏదీ కుదరకపోతే ఆర్టికల్ రాసినాయనకే మెయిల్ రాయి. మా రోజుల్లో ప్రొఫెసర్లు రీప్రింట్, అంటే ఆర్టికల్ అచ్చు ప్రతి, పంపమని పోస్ట్‌కార్డు రాసేవారు, అమెరికా నుంచి కవరు వచ్చేది. తన పేపర్ ఒకరు చదువుతానంటే సంతోషించని మనిషి ఉండడు. మెయిల్ నాలుగు వాక్యాలు చాలు, పంపే ముందు నాకు చూపించు. కిందటిసారి నీ దరఖాస్తులో ‘లైబ్రరీ’ స్పెల్లింగే తప్పు పెట్టావు.

మీ
తాతయ్య