కుళ్ళాయి పెట్టుకున్న రాజులు

చిట్టీ, బుజ్జీ,

మీ ఇద్దరికీ అమ్మమ్మ ఆశీస్సులు. దసరా సెలవుల్లో లేపాక్షి వెళ్ళినప్పుడు బుజ్జి అడిగిన ప్రశ్నకు నేను అక్కడ సరిగ్గా జవాబు చెప్పలేదు. అది నా మనసులో అలాగే ఉండిపోయింది. వీరభద్రుడి గుడి మంటపంలో తల పైకెత్తి కప్పు మీద బొమ్మలు చూస్తున్నాం. విజయనగర రాజుల కాలంలో ఆ గుడి కట్టించిన విరూపణ్ణ, ఆయన సోదరుడు వీరణ్ణ, వాళ్ళ వెనక పరివారం వరసగా నిలబడి ఉన్నారు. తెల్లటి పొడుగు అంగీలు, నెత్తిన మొనదేలిన పొడుగు టోపీలు. "అమ్మమ్మా, వీళ్ళు మనవాళ్ళేనా?" అన్నాడు బుజ్జి. వెనక జనం తోసుకొస్తుంటే "మనవాళ్ళేరా" అని చెప్పి మిమ్మల్ని ముందుకు నడిపించాను. చెప్పింది తప్పు కాదు గానీ, ఆ ఒక్క మాటతో ఆ ప్రశ్న తీరదు. అందుకే ఈ ఉత్తరం.

ఆ టోపీని మన భాషలో కుళ్ళాయి అంటారు. అది పారసీ 'కులాహ్' నుంచి వచ్చిన మాట. పైన తొడుక్కున్న అంగీ పేరు కబాయి, అది అరబ్బీ 'కబా'. ఇరాన్, అరబ్బు దేశాల కొలువుల్లో పుట్టిన దుస్తులివి. దక్కనులో బహమనీ సుల్తానుల దర్బారుల మీదుగా విజయనగరానికి చేరాయి. గుడి కట్టించి, శివుడి ముందు నిలబడి బొమ్మ వేయించుకున్న మనిషి, పొరుగున ఉన్న సుల్తాను కొలువులో వేసుకునే బట్టలే వేసుకున్నాడు. ఆయనకు అందులో విడ్డూరమేమీ కనబడలేదు. మనకు ఎందుకు కనబడుతోంది? మనం చదివిన పుస్తకాల వల్ల.

1900లో రాబర్ట్ సూయెల్ అనే ఆయన విజయనగరం మీద ఇంగ్లీషులో ఒక పెద్ద పుస్తకం రాశాడు. పేరు 'ఎ ఫర్గాటెన్ ఎంపైర్', అంటే మరిచిపోయిన సామ్రాజ్యం. ఆయన మద్రాసు ప్రెసిడెన్సీలో బ్రిటిష్ ప్రభుత్వ ఉద్యోగి. ఎంతో కష్టపడ్డాడు, శాసనాలు వెతికాడు. కృష్ణదేవరాయల కాలంలో హంపీ చూసిన డొమింగో పేస్, ఆ తర్వాత వచ్చిన గుర్రాల వర్తకుడు నూనిజ్, ఈ ఇద్దరు పోర్చుగీసుల రాతలను ఇంగ్లీషులోకి తెచ్చి అందులో చేర్చాడు. ఆ మేలు మనం మరిచిపోకూడదు. కానీ మొదటి పేజీల్లోనే ఆయన విజయనగరాన్ని ముస్లిం రాజ్యాలకు అడ్డంగా నిలిచిన గోడగా చూపించాడు. ఇటు హిందువులు, అటు ముస్లింలు, మధ్యలో గోడ. ఆ చిత్రం ఎంత సులువుగా గుర్తుంటుందో చూడండి. మేము రాకముందు ఈ దేశంలో మతాల పోరు తప్ప ఏమీ లేదు అని అనుకోవడం అప్పుడు పాలిస్తున్న తెల్లవాళ్ళకు అనుకూలం కూడా. తర్వాత స్వాతంత్ర్యం కోసం పోరాడే రోజుల్లో మన చరిత్రకారులు చాలామంది అదే గోడను గర్వంగా తమదిగా చేసుకున్నారు. నేను స్కూల్లో చదివిందీ అదే, చాలా ఏళ్ళు పిల్లలకు చెప్పిందీ అదే.

ఇక ఆ గోడ నిలవదనే రుజువులు సూయెల్ పుస్తకంలోనే ఉన్నాయి. కృష్ణదేవరాయల్ని ఎదురుగా చూసిన పేస్ ఏం రాశాడంటే, రాజు నెత్తిన జరీ పట్టు టోపీ ఉంది, అది స్పెయిన్‌లోని గలీసియా శిరస్త్రాణంలా ఉంది, కాళ్ళకు చెప్పుల్లేవు అని. అదే కుళ్ళాయి. తిరుమలలో మహాద్వారం దాటాక రాయలవారు ఇద్దరు రాణులతో చేతులు జోడించి నిలబడ్డ విగ్రహాలు చూశారు కదా. అక్కడా నెత్తిన ఆ పొడుగు టోపీయే. ఒంటి మీద మాత్రం అంగీ లేదు. దేవుడి ముందు పైన బట్ట లేకుండా ఉండటం మన ఆచారం. ఒకే మనిషి ఒంటి మీద ఆ రెండూ కలిసే ఉన్నాయి.

ఈ సంగతిని నాకు మొదట విడమరచి చెప్పింది ఫిలిప్ వాగనర్ అనే అమెరికన్ పండితుడు 1996లో రాసిన వ్యాసం. విజయనగర రాజులు 14వ శతాబ్దం నుంచే శాసనాల్లో తమను 'హిందూరాయ సురత్రాణ' అని చెప్పుకున్నారు. సురత్రాణుడంటే ఎవరో కాదు, సుల్తానే. ఆ మాటను సంస్కృతంలా మలుచుకున్నారు. హిందూ రాజుల్లో నేను సుల్తానును అని గొప్పగా చెప్పుకోవడం అది. వాగనర్ వాదన ఏమిటంటే, మతం వేరు, అధికారం కట్టుకునే వేషం వేరు. రాజులు గుళ్ళను పాత పద్ధతిలోనే, గోపురాలతో, మంటపాలతో కట్టారు. కొలువుకు సంబంధించిన చోట మాత్రం పొరుగువాళ్ళ తీరు తెచ్చుకున్నారు. హంపీలో ఏనుగుల సాల మీద గుమ్మటాలు, లోటస్ మహల్‌లో కమానులు అలా వచ్చినవే. ఏది తెచ్చుకోవాలో, ఏది వద్దో వాళ్ళే ఎంచుకున్నారు. నాకు ఇక్కడ కనబడేది బలహీనత కాదు, తెలివి. హెరాత్ నుంచి రాయబారి వచ్చినా, హోర్ముజ్ మీదుగా గుర్రాలు అమ్మే వర్తకుడు వచ్చినా, ఎదుట కూర్చున్నది పెద్ద రాజేనని వాళ్ళ కంటికి తెలియాలి కదా.

అయితే పిల్లలూ, ఇలా తెచ్చుకోవడం అందరికీ ఒకేలా ఉండదు. రాజుకు అది ఎంపిక. రాజు దగ్గరకు వచ్చేవాడికి అది షరతు. శ్రీనాథుడి చాటు పద్యం ఒకటి ఉంది, 'కుళ్ళాయుంచితి' అని మొదలవుతుంది. కొండవీటి రెడ్డి రాజుల దగ్గర గొప్పగా బతికిన కవి ఆయన. విజయనగరంలో ప్రౌఢదేవరాయల దర్శనం కోసం కుళ్ళాయి పెట్టుకున్నాను, పెద్ద అంగీ తొడుక్కున్నాను, వెల్లుల్లి తిన్నాను, అంబలి తాగాను, అమ్మా కన్నడ రాజ్యలక్ష్మీ, నా మీద దయ లేదా, నేను శ్రీనాథుణ్ణి అని మొరపెట్టుకుంటాడు. చదివిన ప్రతిసారీ నాకు గొంతు పట్టేస్తుంది. సుల్తానుల దగ్గర నుంచి రాజు నెత్తికి చేరిన టోపీ, రాజు గుమ్మం దగ్గర కవి నెత్తికెక్కింది. మీ తాతయ్య పెళ్ళి ఫొటో గుర్తుందా? మే నెల ఎండలో, ఆరుబయట పందిట్లో, ఉన్ని సూటు, మెడకు టై. ఆయన్ని ఎవరూ బలవంతపెట్టలేదు. తెల్లవాళ్ళు వెళ్ళిపోయి అప్పటికి ఇరవై ఏళ్ళయింది. అయినా పెద్దమనిషిలా కనబడాలంటే ఆ బట్టలే వేసుకోవాలని ఊరంతా నమ్మింది.

ఇంకో సంగతి చెప్పకపోతే మిమ్మల్ని మోసం చేసినట్టే. ఒకరి పద్ధతులు ఒకరు తెచ్చుకున్నారు కాబట్టి అందరూ హాయిగా కలిసి ఉన్నారని కొత్త పుస్తకాలు చదివిన కొందరు అనుకుంటారు. అలా కూడా జరగలేదు. గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షా కథ చూడండి. రాజు కాకముందు, 1543 నుంచి 1550 దాకా, అన్నకు భయపడి విజయనగరంలో తలదాచుకున్నాడు. ఆశ్రయమిచ్చింది అప్పట్లో విజయనగరాన్ని నడిపిస్తున్న రామరాయలు. అక్కడ తెలుగు ఆయనకు ఎంత పట్టుబడిందంటే, గోల్కొండ సింహాసనం ఎక్కాక తెలుగు కవులను పిలిచి పోషించాడు. మన కవులు ఆయన్ని మల్కిభరాముడని ముద్దుగా పిలుచుకున్నారు. అద్దంకి గంగాధరుడు 'తపతీ సంవరణోపాఖ్యానం' ఆయనకే అంకితమిచ్చాడు. ఆయన దగ్గరి అధికారి, పటాన్‌చెరు అమీన్ ఖానుకు పొన్నికంటి తెలగన 'యయాతి చరిత్ర' అంకితమిచ్చాడు. అచ్చ తెలుగులో వచ్చిన మొదటి కావ్యం అదే. సంస్కృతం మాట ఒక్కటీ రాకూడదని పట్టుబట్టి రాసిన కావ్యాన్ని అందుకున్నది ఒక ఖాను!

అలాంటి ఇబ్రహీమే 1565 జనవరిలో మిగతా సుల్తానులతో చేయి కలిపి రామరాయల మీదికి వచ్చాడు. ఆ యుద్ధంలో రామరాయల తల తెగింది, విజయనగరం పాడుపడింది. ఏడేళ్ళు అన్నం పెట్టిన ఇంటి మీద. రామరాయలు కూడా సుల్తానులను ఒకరి మీదికి ఒకర్ని ఉసిగొల్పినవాడే, వాళ్ళను అవమానించినవాడే. రిచర్డ్ ఈటన్ 2005లో దక్కను చరిత్రను ఎనిమిది మంది జీవితాల ద్వారా రాశాడు. అందులో ఒకరు రామరాయలు, మన సర్వాయి పాపన్న కూడా ఉన్నాడు. ఆ రామరాయల అధ్యాయం చదివితే ఈ పోరు మతం గీత మీద నడవలేదని తెలుస్తుంది. రాజ్యం కోసం, పరువు కోసం జరిగిన తగాదా అది. బాగా తెలిసినవాళ్ళ మధ్య జరిగింది కాబట్టే అంత క్రూరంగా జరిగిందేమో అని నాకనిపిస్తుంది.

మన తెలుగులో 'రాయవాచకం' అని ఒక పాత వచన గ్రంథం ఉంది. కృష్ణదేవరాయల కాలంలోనే ఒక రాయబారి రాసి పంపినట్టు ఉంటుంది. దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చిన వాగనర్ మాత్రం అది రాయల తర్వాత చాలాకాలానికి, 1600 ప్రాంతంలో, మధుర నాయకుల కొలువులో పుట్టిందని తేల్చాడు. అందులో దక్కను తురకల మీద చాలా కటువైన మాటలున్నాయి. దాచాల్సిన పని లేదు. అదే పుస్తకం ఢిల్లీ అశ్వపతిని, ఒడ్డె (ఒడిశా) గజపతిని, విజయనగర నరపతిని మూడు సింహాసనాలుగా సమానంగా నిలబెడుతుంది. అశ్వపతి అంటే ఢిల్లీ పాదుషాయే! ఒక్క పుస్తకంలోనే ఇన్ని మాటలుంటే, అందులోంచి నాలుగు వాక్యాలు ఏరి ఫోన్లో పంపినవాళ్ళను నమ్మి మీరు స్నేహితులతో గొడవలు పెట్టుకోకండి. పుస్తకం మొత్తం చదవండి. ఎప్పుడు రాశారో, ఎవరి కొలువులో కూర్చుని రాశారో ముందు చూడండి.

చిట్టీ, నీ క్లాసులో కుళ్ళాయప్ప అనే పిల్లవాడు ఉన్నాడని, వాడి పేరు అందరూ వెక్కిరిస్తున్నారని ఫోన్లో చెప్పావు. వాడిది అనంతపురం వైపు ఊరు అయి ఉంటుంది. అక్కడ నార్పల దగ్గర గూగూడులో మొహర్రం పండుగకు కుళ్ళాయిస్వామి పీరును చూడటానికి అన్ని కులాలవాళ్ళూ, రెండు మతాలవాళ్ళూ వస్తారు. మొక్కు తీరాక పిల్లలకు ఆ స్వామి పేరు పెట్టుకుంటారు. ఆ పేరులో ఉన్నది ఈ టోపీ మాటే. ఈ సంగతి వాడికి చెప్పు. వెక్కిరించేవాళ్ళకు కూడా చెప్పు.

సంక్రాంతికి వచ్చినప్పుడు మళ్ళీ లేపాక్షి వెళ్దాం. ఈసారి పొద్దున్నే, జనం రాకముందే. నోటుబుక్కు, పెన్సిలు తెచ్చుకోండి. ఆ కప్పు మీద కుళ్ళాయి ఎవరెవరికి ఉందో, ఎవరికి లేదో రాసుకోవాలి. ఆడవాళ్ళను, దేవుళ్ళను, పనివాళ్ళను విడివిడిగా చూడండి. లెక్క తేలాక బుజ్జి ప్రశ్నను మళ్ళీ అడుగుదాం.

మీ
అమ్మమ్మ