చూపు ఎటుందో దానికెలా తెలుసు?

చి. బుజ్జికి, చి. చిట్టికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో బుజ్జి ఒక ప్రశ్న వేసి, నేను నోరు తెరిచేలోగా ఆటకు పరుగెత్తాడు. చేతులు కదపలేనివాళ్ళు చూపుతోనే కంప్యూటర్ నడుపుతారట కదా, మరి వాళ్ళ కంట్లోంచి ఏదైనా కిరణం వెళ్తుందా అని. వెళ్ళదురా. కన్ను ఏమీ పంపదు. చూపు ఎటుందో కనిపెట్టే పనంతా ఎదురుగా ఉన్న కెమెరాదే. అదెలాగో చెప్పాలంటే మా అమ్మ నీళ్ళబిందె దగ్గరికి పోవాలి.

నా చిన్నప్పుడు పండగ ముందురోజు అమ్మ ఇత్తడి బిందెను చింతపండుతో తళతళలాడేలా తోమి, కుంకుమ బొట్టు పెట్టి, గూట్లో దీపానికి ఎదురుగా కుదురు మీద ఉంచేది. బిందె పొట్ట మీద దీపం చుక్కలా మెరిసేది. ఆ చుక్కను పక్కకు నెట్టాలని నాకు భలే సరదా. బిందెను రెండు చేతులా పట్టుకుని మెల్లగా తిప్పేవాణ్ణి. బొట్టు జరిగిపోయేది గానీ మెరుపు ఉన్నచోటే ఉండేది! దీపం కదల్లేదు, నేను కదల్లేదు, బిందేమో గుండ్రం. ఇక మెరుపెందుకు కదులుతుంది? తిప్పీ తిప్పీ నీళ్ళొలికాక తిన్న చీవాట్ల సంగతి మీ నాన్నకు తెలుసు, అడగండి.

ఇప్పుడు కన్నే బిందె అనుకోండి. కంటిపాప బొట్టు. స్క్రీన్ కింద వెలిగే ఇన్‌ఫ్రారెడ్ లైటు దీపం. ఆ వెలుగు మనకు ఆనదు, కెమెరాకు ఆనుతుంది. కన్ను తిరిగితే పాప జరుగుతుంది, మెరుపు దాదాపు అక్కడే ఉంటుంది. రెంటి మధ్య ఎడం ఎంత, ఏ వైపు అని కొలిస్తే చూపు ఎటుందో తేలుతుంది. ఈ కొలత సెకనులో ఎన్నోసార్లు జరుగుతుంది. అయితే అమ్మ పెట్టే బొట్టు అన్నిసార్లూ నడిమధ్యనే పడదుగా! కళ్ళూ అంతే, ఒక్కొక్కరివి ఒక్కో తీరు. అందుకే కంప్యూటర్ ముందుగా స్క్రీన్ మీద చుక్కలు వేసి, ఇది చూడు, ఇప్పుడిది చూడు అంటూ మన కంటిని పరిచయం చేసుకుంటుంది. బిందె కళ్ళజోడు పెట్టుకుంటే ఏమవుతుందని మాత్రం అడక్కండి. అద్దాల మీద ఇంకో మెరుపు పడి కెమెరా తికమకపడుతుంది.

ఇంకో చిక్కుంది. చూడటం వేరు, కావాలనుకోవడం వేరు. చూసినదల్లా క్లిక్ అయిపోతే పేజీలు వాటంతటవే తెరుచుకుంటూ పోతాయి. అందుకని అక్షరం మీద చూపు కాసేపు నిలిపితేనే నొక్కినట్టు లెక్క. గొంతు పలికేవాళ్ళయితే చోటు చూపుతో చూపించి, పని నోటితో చెప్పొచ్చు. 1962లో ఐబీఎం అనే కంప్యూటర్ల కంపెనీ చూపించిన, నోటిమాట గుర్తుపట్టే షూబాక్స్ అనే యంత్రానికి 16 మాటలే వచ్చు, అవీ ఇంగ్లీషులో. 2017లో గూగుల్ నోటితో చెప్పి రాయించే భాషల్లో మన తెలుగునూ చేర్చింది.

2009లో అమెరికాలో టెంప్ట్ అనే గోడబొమ్మల చిత్రకారుడి కోసం కొందరు కళాకారులు చవక కళ్ళజోడు ఫ్రేముకు చిన్న కెమెరా బిగించారు. కండరాలు క్రమంగా చచ్చుబడే ఏఎల్‌ఎస్ జబ్బుతో ఒళ్ళు కదపలేని ఆయన ఏళ్ళ తర్వాత మళ్ళీ గీశాడు, కళ్ళతో. అదే జబ్బున్న శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్‌కు రెప్పలు వాలిపోయి ఈ పద్ధతి సరిగ్గా కుదరలేదు. ఆయన చెంప కండరం కదిపి రాసేవాడు, చివరి రోజుల్లో చాలా నెమ్మదిగా. అలా రాసేవాళ్ళు మీకెప్పుడైనా ఎదురైతే, వాళ్ళ వాక్యం మీరు పూర్తి చేసేయకండి. ఆగండి. మీకు తోచిన మాట వాళ్ళ మాట కాకపోవచ్చు.

ఇక నా ఉత్తరం పక్కన పెట్టి లేవండి. చిట్టిని కిటికీ ఎదురుగా కూర్చోబెట్టు బుజ్జీ. దాని కంట్లో బుల్లి కిటికీ కనిపిస్తుంది. తల కదపకుండా ఎడమకీ కుడికీ చూడమను, పాప ఎంత జరిగిందో, కిటికీ ఎంత జరిగిందో చూడు. టార్చి మాత్రం కళ్ళల్లో వెయ్యకు. తర్వాత దానికో కథల పుస్తకమిచ్చి చదివించు, కళ్ళు వరస వెంట జారుతున్నాయా, గెంతుతున్నాయా గమనించు. అదయ్యాక అద్దం ముందు నిలబడి నీ కళ్ళు కదలడం నువ్వే చూడ్డానికి ప్రయత్నించు. కనపడదు! పక్కనున్న చిట్టికి కనపడుతుంది, నీకు కనపడదు. ఎందుకో ఆలోచించి, ఇద్దరూ చెరో కాగితం మీద రాసి పంపండి.

మీ తాతయ్య