బియ్యం డబ్బా మీద ఫోన్: కొన్ని అపోహలు, వాస్తవాలు

హనుమకొండలో ఇంజనీరింగ్ పిల్లలకు ప్లేస్‌మెంట్ శిక్షణ ఇస్తుంటాను. ఫోన్ గురించి తల్లిదండ్రుల మాట ఒకటి, పిల్లల మాట ఇంకొకటి. అపోహలు రెండువైపులా ఉన్నాయి.

అపోహ: సైలెంట్‌లో పెట్టి బోర్లిస్తే చాలు.
వాస్తవం: 2017లో టెక్సాస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు విద్యార్థులకు జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి పరీక్షలు పెట్టారు. ఫోన్లన్నీ సైలెంట్‌లోనే ఉన్నాయి. అయినా బల్ల మీద బోర్లించి పెట్టుకున్నవాళ్ల కంటే పక్క గదిలో వదిలి వచ్చినవాళ్లే మెరుగ్గా చేశారు. తర్వాత అలాంటి ప్రయోగాలు చేసిన అందరికీ ఇదే ఫలితం రాలేదు, అదీ నిజమే. ఖర్చు లేని పని కదా, వంటగదిలో బియ్యం డబ్బా మీద పెట్టి ఒక గంట చదివి చూడండి.

అపోహ: మెటీరియల్ అంతా ఫోన్‌లోనే ఉంది సార్.
వాస్తవం: ఉంది, ఫోన్‌లోనే ఉంది. మొన్న ఒక ఫైనలియర్ అబ్బాయి టెలిగ్రామ్‌లో దించుకున్న పీడీఎఫ్‌లు చూపించాడు. వేలితో తోస్తుంటే అయిపోవే! ఎన్ని తెరిచావురా అంటే నవ్వాడు. తెల్లకాగితం ఇచ్చి, ఒక పదాన్ని తిరగేసే ప్రోగ్రామ్ రాయమన్నాను. ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే ఫర్ లూప్ దగ్గర పెన్ను ఆగింది. ఎడమ చెయ్యి దానంతటదే జేబు మీదికి వెళ్లింది. ఆ ప్రోగ్రామ్ నేర్పే వీడియో నాలుగుసార్లు చూశాడట! చూస్తున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది. వీడియో ఆపేసి, చూడకుండా చేత్తో రాస్తేనే ఎంత నిలిచిందో తెలుస్తుంది. ఇంటర్వ్యూలో అక్కరకొచ్చేది ఆ నిలిచిందే.

రాత్రి ఒంటిగంట దాకా రీల్స్ చూసి పొద్దున ల్యాబ్‌లో ఆవులించడం అపోహ కాదు కాబట్టి దాని గురించి రాయడం లేదు.

అపోహ: ఫోన్ గుంజుకుంటే బాగుపడతాడు.
వాస్తవం: పరకాల, నర్సంపేట వైపు నుంచి వచ్చే నాన్నలు ఎక్కువగా ఈ మాటే అంటారు. ల్యాప్‌టాప్ లేని ఇంట్లో ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ వేదికలోని ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలకు ఫోనే దారి. పరీక్షల ముందు ఒకమ్మాయి ఫోన్‌ను వాళ్ల నాన్న రెండు రోజులు బీరువాలో పెట్టారు. కంపెనీ ఆన్‌లైన్ టెస్ట్ లింక్ గడువు ఆ రెండు రోజుల్లోనే ముగిసింది. ఆ మెయిల్ నాకు చూపించేటప్పుడు ఆ పిల్ల ఏడవలేదు, నాన్నకు చెప్పొద్దు సార్ అంది.

అపోహ: ఇంగ్లిష్ వీడియోలు చూస్తే ఇంగ్లిష్ వస్తుంది.
వాస్తవం: చెవికి అలవాటవుతుంది, నోరు మాత్రం తిరగదు. అందుకే రోజూ రెండు నిమిషాలు వాళ్ల మాటలు వాళ్లతోనే రికార్డు చేయించి వినిపిస్తాను. మొదటిరోజు అందరూ చెవులు మూసుకుంటారు. మూడో వారానికి, నేను నోరు తెరిచేలోపే తప్పులు వాళ్లే పట్టేస్తారు.